ఆయ్ అన్నది ఆధారం కాదు

మూడోసారికి పాసయ్యాను.
కాకినాడలో రెండో అంతస్తు, గురకపెట్టే ఏసీ,
నూట యాభై ప్రశ్నలు.
నలభై ఆరోది ఇప్పటికీ కంఠతా వచ్చు:
అమ్మోనియా లీకైనప్పుడు
కార్మికులు ఎటువైపు కదలాలి?
ఎ, బి, సి, డి.

పెన్సిలు అక్కడ ఆగిపోయింది.
మొగల్తూరు దాటాక రొయ్యల ఫ్యాక్టరీ,
పదహారేళ్ళ కిందటి మాట.
నేను ఐసుగది ఆపరేటర్ని,
కొల్లాటి సరోజిని తలలు వొలిచే బల్ల దగ్గర మూడో మనిషి.
గొట్టం ఒక్కసారి చీదింది.
అందరూ అరిచారు. ఆవిడ అరవలేదు.
పైట చెంగు ఐసునీళ్ళలో ముంచి ముక్కుకి చుట్టుకుని
కిటికీలోంచి కొబ్బరి మట్టలు
ఎటు వాలుతున్నాయో చూసింది.
"పైరగాలే. ఎదురెళ్ళకండి, వెంటెళ్ళకండి,
అడ్డంగా రండే!"

అడ్డంగా వెళ్తే వెనక తలుపు.
వెనక తలుపుకి తాళం.

ఎలా బయటపడ్డామో చెప్పను, అది వేరే కథ.
ఆవిడకి మాత్రం అప్పట్నుంచీ వాసన తెలీదు.
ఇప్పుడు నరసాపురం రేవులో ఎండుచేపలమ్ముతుంది.
"మేలే అయ్యింది బాబూ" అంటుంది, నవ్వుతూనే.
ఆ నెల చెక్‌లిస్టు నేను చూశాను.
వెనక తలుపు తెరిచే ఉందా? అన్నదానికి ఎదురుగా టిక్కు.
కింద సంతకం నాది.

అందుకే ఈ చదువు.
మూడుసార్లూ ఫీజు కట్టింది మా ఆవిడ, చీటీ పాడి.
విశాఖ నుంచి వచ్చిన మాస్టారు బోర్డు మీద రాసేవారు:
చూడు, అడుగు, కాగితం తిరగెయ్యి.
మూడూ ఒకే మాట చెప్పాలి.
తరవాత మా బెంచీల వైపు తిరిగి,
"మీ గోదారోళ్ళకి ప్రత్యేకం.
ఆయ్ అన్నది ఆధారం కాదు."

కార్డు వచ్చింది. మూడేళ్ళకి చెల్లుతుంది.
ఫొటోలో నేను ఎవరికో అప్పున్నవాడిలా ఉన్నాను.

మొదటి ఆడిట్ కాలవ గట్టు పక్క ఫ్యాక్టరీ.
తెల్ల బూట్లు, నీలం టోపీలు, కళ్ళు మాత్రమే ఉన్న ఆడవాళ్ళు.
మాస్కులిస్తారామ్మా?
ఆయ్.
సైరను మోగితే ఏం చెయ్యాలో చెప్పారా?
ఆయ్.
ఎప్పుడన్నా మోగించి చూపించారా?
ఆయ్.
అసలెప్పుడూ మోగలేదా?
ఆయ్.

మా వైపు ఆయ్ అంటే అవును.
ఆయ్ అంటే మీ మాట వినబడింది.
ఆయ్ అంటే
మేనేజరుగారు సరిగ్గా మీ వెనకే నిలబడ్డారు.

ప్రశ్న మానేశాను.
"దారి చూపించమ్మా" అన్నాను ఆ చివరి పిల్లతో.
ముందు నడిచింది. తడి నేల, అట్టపెట్టెల గుట్ట,
గుట్ట పక్కనుంచి ఒళ్ళు ముడుచుకుని,
ఆకుపచ్చ బోర్డు కింద తలుపు దాకా వచ్చి ఆగింది.
తాళం వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు.
ఆయ్ అనలేదు.

"దొంగతనాలండీ, టిఫిను క్యారేజీల్లో పట్టుకెళ్ళిపోతారు.
తాళంచెవి నా దగ్గరే, అర నిమిషం పని" అన్నాడు మేనేజరు.
తెప్పించండి, అన్నాను. గడియారం నొక్కాను.
ఎందుకో ఊపిరి బిగబట్టాను.
నలభై అంకె దగ్గర వదిలేశాను.
తాళంచెవి ఇంకో చొక్కాలో ఉందట,
ఆ చొక్కా ఇంటి దగ్గర,
ఇంకో తాళంచెవి అకౌంటెంటు సొరుగులో,
సొరుగుకో తాళం.
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.

రిపోర్టులో ఆ అంకె రాశాను.
నా నలభైకి ఫారంలో గడి లేదు.
కారు సీటు మీద ఎవరో పెట్టిన పూతరేకుల డబ్బా
సెక్యూరిటీ బల్ల మీద దించి వచ్చాను.
నోరూరలేదని అబద్ధం చెప్పను.

సాయంత్రం రేవులో పంటు కోసం నిలబడితే
సరోజిని సావిడాయలు కట్టలు కడుతోంది.
కార్డు చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూసింది.
"నీ గొట్టం ప్రశ్న అడిగారా?"
అడిగారు.
"ఏం రాశావ్?"
సి.
"సి అంటే ఏంటంట?"
గాలికి అడ్డంగా వెళ్ళాలని.
కార్డు మీద పడిన పొలుసు గోటితో గీకి
నా చేతిలో పెట్టింది.
"దానికి మూడుసార్లు కూర్చున్నావా నువ్వు?"

ఆయ్, అన్నాను.